పాత ఆటలో కొత్త ముఖమేదీ?

ఫహాహీల్ (కువైత్): గురువారం రాత్రి డ్యూటీ దిగి, స్నానాలు చేసి, అన్నాలు తిన్నాక ఫహాహీల్, మంగఫ్, మహబూలాల్లో మనోళ్లుండే రూముల్లో కొన్ని మాటలు వినిపిస్తుంటాయి. ‘వెనకాల ఉన్నాడు చూడు’, ‘బండెక్కండ్రా, జోన్ వచ్చేస్తోంది’, ‘ముందు నన్ను లేపు సామీ’... తెలియనివాళ్లు తలుపు అవతల నుంచి వింటే లోపల కొట్టుకుంటున్నారేమో అనుకుంటారు. ఆడేది పబ్జీ మొబైల్. 2018 మార్చిలో ప్రపంచమంతటా విడుదలైన ఆట. ఫోన్ ఆటల ఆయుష్షుతో పోలిస్తే ముసలిదే.

ముసలిదైనా మూలన పడలేదు. చైనాను పక్కన పెట్టినా మిగతా ప్రపంచంలో దీన్ని ఫోన్లలోకి ఎక్కించుకున్న లెక్క 2021లోనే వంద కోట్లు దాటింది. 2024లో మన పక్కనే సౌదీలోని రియాద్‌లో దీనికి ప్రపంచ కప్ జరిపి 30 లక్షల డాలర్ల బహుమతి సొమ్ము పెట్టారు. మరి చిక్కెక్కడుంది? ఆడుతున్నవాళ్లు ఆనాటివాళ్లే. 2019లో ఆడినవాడు ఇప్పుడూ ఆడుతున్నాడు. అప్పుడు పాతికేళ్లవాడు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. కొత్తగా షూన్ వీసా మీద దిగిన ఇరవై రెండేళ్ల కుర్రాణ్ని ‘రారా, నాలుగోవాడు తక్కువయ్యాడు’ అని పిలిస్తే మొహమాటానికి ఒకరోజు కూర్చుంటాడు. రెండో రోజు దుప్పటి కప్పుకుని రీల్స్ చూసుకుంటాడు.

కొత్త నీరు వచ్చి పాత నీటిని నెట్టుకుపోవాలంటారు పెద్దలు. ఇక్కడ కొత్త నీరు రావడం లేదు. ఆట బాగాలేక అనుకుంటే పొరపాటు. ఏళ్లు గడిచేకొద్దీ పాతవాళ్లకు అది ఎంత అలవాటైపోయిందో, కొత్తవాడికి అంత ఇరుకైపోయింది. ప్రపంచంలో పాత ఆటలన్నిటికీ ఉన్న జబ్బే ఇది. మన గల్ఫ్ తెలుగువాళ్లకు మాత్రం దీనికి తోడు ఇంకో గోడ అడ్డం వచ్చింది. ముందు దాని సంగతి చూద్దాం.

కొత్తవాళ్లు ఇంటి నుంచే వచ్చేవాళ్లు

2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఊళ్లలో నెట్ చవకైంది. 2018లో ఈ ఆట వచ్చేనాటికి రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు పక్క పల్లెల్లోనూ, అటు గోదావరి జిల్లాల్లోనూ కుర్రాళ్ల చేతుల్లో ఫోర్‌జీ ఫోన్లు ఆడుతున్నాయి. కువైత్‌లో నెట్‌కు మొదటి నుంచీ లోటు లేదు, 2019లో ఫైవ్‌జీ కూడా వచ్చేసింది. ఆట ఉచితం. నలుగురు ఒక జట్టుగా దిగాలి. ఒకరి మాట ఒకరికి వినిపిస్తుంది. ఇంతకంటే ఏం కావాలి?

గల్ఫ్‌లో ఉన్నవాడు ఇంటికి ఫోన్ చేస్తే ఏం మాట్లాడతాడో అందరికీ తెలిసిందే. తిన్నారా, బాగున్నారా, డబ్బులు అందాయా, అమ్మ మాత్రలు వేసుకుంటోందా. నాలుగు నిమిషాల్లో మాటలు అయిపోతాయి. తమ్ముడితోనో, బామ్మర్దితోనో, పదో తరగతి చదివే కొడుకుతోనో అరగంట మాట్లాడాలంటే దేని గురించి మాట్లాడాలి? ఆటలో కూర్చుంటే ఆ ఇబ్బంది లేదు. ‘ఆ ఇంట్లో తుపాకీ ఉంది తీసుకో నాన్నా’ అన్నా అది మాటే. మధ్యలో ‘పరీక్షలెప్పుడురా’ అని అడిగితే పిల్లాడు విసుక్కోకుండా సమాధానం చెప్తాడు. ఇక్కడ రాత్రి 8.30 అయితే ఊళ్లో 11 గంటలు. డ్యూటీ దిగి ఫోన్ పట్టుకునేసరికి ఊళ్లో పడుకునే వేళ. అయినా శని, ఆదివారాలు పిల్లలు కాచుకుని ఉండేవాళ్లు.

2020లో ఇది తారస్థాయికి చేరింది. ఏప్రిల్ 6 నుంచి మహబూలాను, జిలీబ్‌ను దిగ్బంధం చేశారు. మే 10 నుంచి 30 దాకా దేశమంతటా పూర్తి కర్ఫ్యూ. పని లేదు, చాలామందికి జీతం లేదు, బయటికెళ్లే వీల్లేదు. ఒక్కో రూములో ఆరుగురు, ఎనిమిది మంది. ఊళ్లో కూడా లాక్‌డౌనే. ఆ నెలల్లో అప్పటిదాకా ఫోన్లో ఆటంటే మొహం చిట్లించినవాళ్లు కూడా నేర్చుకున్నారు.

ఈ మొత్తం కథలో గమనించాల్సింది ఒకటుంది. ప్రకటన చూసి చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతే. ఊళ్లో తమ్ముడు చెబితే అన్న నేర్చుకున్నాడు, అన్నను చూసి రూములో పక్క మంచం అతను నేర్చుకున్నాడు. మనవాళ్ల వరకు కొత్త ఆటగాడు వచ్చే కాలువ ఇంటి నుంచి రూముకు పారింది.

కాలువకు అడ్డం పడ్డ కట్ట

2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనాతో ఘర్షణ జరిగింది. జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను భారత ప్రభుత్వం నిషేధించింది. సెప్టెంబర్ 2న మరో 118 యాప్‌ల మీద వేటు పడింది. అందులో పబ్జీ మొబైల్ ఉంది. ఆట మూలం దక్షిణ కొరియాదే అయినా ఫోన్ ఆటను నడిపేది చైనా కంపెనీ టెన్సెంట్. అక్టోబర్ 30తో ఇండియాలో సర్వర్లు ఆగిపోయాయి.

కొరియా కంపెనీ క్రాఫ్టన్ ఇండియా వ్యవహారాన్ని తన చేతుల్లోకి తీసుకుని, 2021 జులై 2న బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా పేరుతో మళ్లీ విడుదల చేసింది. అందరూ బీజీఎంఐ అనేది దాన్నే. 2022 జులై 28న అదీ స్టోర్ల నుంచి మాయమైంది. 2023 మే నెలాఖరులో తిరిగొచ్చింది. ఊళ్లో ఉన్నవాళ్లు ‘పబ్జీ వచ్చేసింది’ అని సంబరపడ్డారు. చూడ్డానికి అదే దీవి, అవే తుపాకులు, అదే విమానం.

ఇక్కడివాళ్లకు మాత్రం అది వచ్చినా రానట్టే. బీజీఎంఐ ఇండియాలో ఉన్నవాళ్ల కోసమే చేసిన వేరే ఆట. దాని సర్వర్లు వేరు, ఖాతాలు వేరు. గల్ఫ్‌లో ఆడేది పాత పబ్జీ మొబైలే, అది ఇండియాలో నిషేధం. ఫహాహీల్‌లో అన్న ఒక ఆటలో, రాజంపేటలో తమ్ముడు ఇంకో ఆటలో. రెండూ కవల పిల్లల్లా ఒకేలా ఉంటాయి గానీ ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి తలుపు లేదు. ఇద్దరూ ఒక జట్టులో చేరే దారి 2020లోనే మూసుకుపోయింది. పాత ఖాతాలోని సామానును బీజీఎంఐలోకి మార్చుకునే గడువు కూడా 2021 డిసెంబర్ 31తో ముగిసింది.

దేశ భద్రత కోసం తీసుకున్న నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. గల్ఫ్ రూముల్లో నాలుగో కుర్చీ ఎందుకు ఖాళీగా ఉందో అడిగితే మాత్రం మొదటి జవాబు ఇదే. ఆ రోజుల్లో ఊళ్లో హైస్కూల్లో ఉన్న పిల్లలే ఇప్పుడు వీసాలు తెచ్చుకుని ఇక్కడికొస్తున్నారు. వాళ్లు పెరిగింది బీజీఎంఐలోనో, ఫ్రీ ఫైర్‌లోనో. ఫ్రీ ఫైర్‌ను కూడా 2022 ఫిబ్రవరిలో నిషేధించినా దాని పెద్దన్న ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఇండియాలో నడుస్తూనే వచ్చింది. 50 మందితో, పది నిమిషాల్లో ముగిసే ఆట. చిన్న ఫోన్లోనూ నడుస్తుంది. దానికి అలవాటు పడ్డ కుర్రాడికి అరగంట పట్టే పబ్జీ చాదస్తంగా కనిపిస్తుంది.

పదిహేనో నెల చీటీ

గోడ సంగతి అలా ఉంచండి. రేపు పొద్దున రెండు ఆటలూ కలిపేశారనుకుందాం. కొత్తవాళ్లు బిలబిలమంటూ వచ్చేస్తారా? రారు. ఎందుకో చెప్పాలంటే చీటీతో పోల్చడం తేలిక.

ఇరవై నెలల చీటీ మొదలెట్టేటప్పుడు చేరమంటే ఎవరైనా ఆలోచిస్తారు. పదిహేనో నెలలో పిలిస్తే? మిగతావాళ్లంతా పాట పాడి డబ్బు తీసుకుని స్థలాలు కొనుక్కున్నారు. నువ్వు మాత్రం పదిహేను నెలల బాకీ ఒకేసారి కట్టి కూర్చోవాలి. పాత ఆటలో చేరే కొత్తవాడి పరిస్థితి సరిగ్గా ఇదే. డబ్బు బదులు ఇక్కడ కట్టాల్సిన బాకీ చేతివాటం.

మొదటి వారం హాయిగానే ఉంటుంది. బ్రాంజ్, సిల్వర్ అంటూ కింది మెట్ల మీద ఉన్నప్పుడు ఎదుట దిగేవాళ్లలో చాలామంది మనుషులు కాదు, కంప్యూటర్ నడిపించే బాట్‌లు. కావాలని పిచ్చిగా కాలుస్తాయి, నిలబడి దెబ్బలు తింటాయి. కొత్తవాడు పదిహేను మందిని కొట్టి ‘నాకు వచ్చేసింది’ అనుకుంటాడు. నాలుగు మెట్లు ఎక్కగానే బాట్‌లు తగ్గి మనుషులు మొదలవుతారు. ఆ మనుషులెవరు? ఐదారేళ్ల నుంచి రోజుకు రెండు గంటలు ఇదే పనిగా ఉన్నవాళ్లు. రెండు బొటనవేళ్లు చాలక నాలుగు వేళ్లతో ఆడేవాళ్లు. ఫోన్‌ను కొద్దిగా వంచితే తుపాకీ గురి కదిలే గైరో పద్ధతిని చేతికి పట్టించుకున్నవాళ్లు. ఎరాంగెల్ దీవిలో ఏ ఇంట్లో ఏ కిటికీ దగ్గర నిలబడితే ఎంత దూరం కనిపిస్తుందో కళ్లు మూసుకుని చెప్పేవాళ్లు. వాళ్ల ముందు కొత్తవాడు కాలు పెట్టిన నిమిషంలోనే పడిపోతాడు. ఎటు నుంచి కొట్టారో కూడా తెలీదు.

పడిపోయాక ఏం చేయాలి? జట్టు ఆట కదా, మిగతా ముగ్గురూ ఆడుతుంటే చూస్తూ కూర్చోవాలి. ఇంకో పాతిక నిమిషాలు! పన్నెండు గంటలు ఎండలో నిలబడి వచ్చినవాడికి ఇదొక శిక్ష. పోనీ బయటికొచ్చి వేరే ఆట మొదలెడితే ‘వదిలేసి పోయాడు’ అని రూమ్మేట్ల సణుగుడు. అందుకే రెండో రోజుకు తలనొప్పి అంటాడు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. సీజన్ మారినప్పుడల్లా అందరి ర్యాంకులూ కిందికి దించుతారు. పాతవాళ్లకు మళ్లీ ఎక్కే సరదా మిగలాలని ఆ ఏర్పాటు. ఆ కొత్త సీజన్ మొదటి రోజుల్లో కాంకరర్, ఏస్ స్థాయి ఘనులంతా కింది మెట్ల మీదకు దిగి, అక్కడున్న పసివాళ్లను ఊచకోత కోస్తారు. ఏడో తరగతి పిల్లల కబడ్డీలోకి జిల్లా జట్టు దిగినట్టుంటుంది.

ఆటలో మోసాలు కూడా ఉన్నాయి. గోడల అవతల మనిషి కనబడేలా చేసే దొంగ ప్రోగ్రాములు వాడేవాళ్లను కంపెనీ పట్టుకుని ఖాతాలు మూసేస్తూనే ఉంటుంది, వాళ్లు కొత్త పేర్లతో వస్తూనే ఉంటారు. పాతవాడు చచ్చినప్పుడు ‘వాడు హ్యాకర్’ అని గుర్తుపట్టి తిట్టుకుని ఊరుకుంటాడు. కొత్తవాడికి దొంగెవడో, ఆరితేరినవాడెవడో తేడా తెలియదు. తనకే చేతకాదనుకుని వెళ్లిపోతాడు.

కంపెనీ చూపు ఎవరి జేబు మీద?

మరి కంపెనీలకు ఇదంతా తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. కానీ వాళ్ల లెక్క వాళ్లది.

ఆట ఉచితమైనప్పుడు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? యూసీ అనే ఆట డబ్బు అమ్మితే వస్తుంది. 60 యూసీ దాదాపు ఒక డాలరు, మన లెక్కలో 300 ఫిల్స్ చిల్లర. దాంతో చొక్కాలు, తుపాకీకి మంచు రంగు, బండికి మెరుపులు, సీజన్ పాస్ కొంటారు. వీటితో గురి మెరుగుపడదు, వట్టి దర్జా. అయితే ఆ దర్జాకు విలువ ఎవరి దగ్గర ఉంటుంది? దాన్ని గుర్తుపట్టే పాతవాడి దగ్గరే. కొత్తవాడికి మంచు తుపాకీ, మామూలు తుపాకీ రెండూ ఒకటే. అంటే ఖర్చు పెట్టేది పాతవాడు, వాడి కోసమే కొత్త సరుకు తయారవుతుంది. పాతవాడికి బోరు కొట్టకూడదని రెండు నెలలకోసారి కొత్త హంగులు కలుపుతారు. రాక్షసులు, ఎగిరే బళ్లు, మాయా మందిరాలు, కొత్త దీవులు.

అలా ఏళ్ల తరబడి కలుపుతూ పోతే ఏమవుతుంది? తెర మీద బొత్తాలే బొత్తాలు. ఆటలోకి వెళ్లే ముందే పది కిటికీలు తెరుచుకుంటాయి. ఇది తీసుకో, అది తిప్పు, ఇక్కడ నొక్కు, అక్కడ కొను. పండగ ముందు రోజు ఫహాహీల్ సూక్‌లోకి మొదటిసారి వెళ్లినవాడు ఎటు నడవాలో తెలియక నిలబడిపోయినట్టు కొత్తవాడు అక్కడే ఆగిపోతాడు. పాతవాడికి ఆ బొత్తాలు కనిపించనే కనిపించవు, వేలు దానంతటదే ‘స్టార్ట్’ మీదికి వెళ్తుంది. ఆట బరువు కూడా పెరిగింది. మ్యాపులన్నీ దించుకుంటే ఫోన్లో చోటు చాలదు. మొదటి జీతం ఇంటికి పంపి, బాకీలు తీర్చుకుంటున్నవాడి ఫోన్ ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క మాట చెప్పుకోవాలి. కంపెనీని ఇందుకు తిట్టడం తేలికే గానీ, పాత కస్టమర్‌ను వదులుకుని కొత్తవాడి కోసం కొట్టు సర్దే బకాలా ఎక్కడైనా ఉందా?

మిగతా ఆటలు ఏం చేశాయి?

ఈ సమస్య పబ్జీతో పుట్టింది కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆట 2004లో వచ్చింది. నెలనెలా చందా కట్టి ఆడేవాళ్లు 2010 నాటికి కోటీ 20 లక్షలకు చేరారు. ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. కొత్తవాడు అడుగుపెడితే పాతవాళ్లు నిలబడ్డ మెట్టు దాకా ఎక్కడానికే నెలలు పట్టేది. కంపెనీ 2014లో డబ్బు కడితే ఒకేసారి పై మెట్టుకు చేర్చే పద్ధతి పెట్టింది. అంటే మెట్లెక్కలేనివాడికి లిఫ్టు. పైకి చేరాక అక్కడ ఎలా నడవాలో తెలియకపోతే లిఫ్టు ఏం చేస్తుంది? చివరికి 2019 ఆగస్టులో మొదటినాటి ఆటను ఉన్నదున్నట్టు ‘క్లాసిక్’ పేరుతో మళ్లీ తెరిచారు. జనం ఎగబడ్డారు. ఆ ఎగబడటంలో ‘ఆ రోజులే వేరు’ అనుకునే పాతకాపుల సందడే ఎక్కువ.

ఫోర్ట్‌నైట్ కూడా అదే దారి పట్టింది. 2023 నవంబరులో తన మొదటి మ్యాపును తిరిగి తెచ్చింది. నవంబర్ 4న ఒక్కరోజే 4 కోట్ల 47 లక్షల మంది ఆడారని కంపెనీ ప్రకటించింది. పాత బెల్లానికి ఎంత గిరాకీ ఉందో దీన్నిబట్టి తెలుస్తోంది. ఇక పబ్జీ కంప్యూటర్ ఆట విషయానికొస్తే, 2018 జనవరిలో ఒకే సమయంలో 32 లక్షల మందికి పైగా ఆడిన రికార్డు దానిది. జనం పలచబడ్డాక 2022 జనవరిలో ఉచితం చేసేశారు. ఉచితం చేస్తే గుమ్మం దాకా వస్తారు. లోపల కూర్చోబెట్టడం వేరే విద్య.

ముసలి ఆటలన్నీ ఇలాగే ఎండిపోతాయా అంటే, కాదు. హైదరాబాద్ ఇంటర్నెట్ కేంద్రాల్లో మన తరంవాళ్లు గంటకు ఇంతని కట్టి ఆడిన కౌంటర్ స్ట్రైక్ 2000 సంవత్సరం నాటిది. 2023లో రెండో నంబర్ తగిలించుకుని వచ్చాక కూడా ఒకేసారి పది లక్షల మందికి పైగా ఆడుతున్నారు. దాని కిటుకేంటి? పాతికేళ్లుగా నియమం మారలేదు. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు, ఒక బాంబు. కొత్తవాడు చచ్చినా రెండు నిమిషాల్లో రౌండ్ అయిపోయి మళ్లీ లేస్తాడు. పబ్జీలో చచ్చినవాడిలా పాతిక నిమిషాలు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోనక్కర్లేదు. వయసు కంటే ఈ తేడానే ఎక్కువ పనిచేస్తుందని నాకనిపిస్తుంది.

లూడో ముందు అందరూ ఒకటే

ఇంత దూరం ఎందుకు, మన రూముల్లోనే ఇంకో పాత ఆట ఉంది. లూడో కింగ్. ముంబై కంపెనీ 2016లో తెచ్చింది, అంటే పబ్జీ మొబైల్ కంటే రెండేళ్లు పెద్దది. దానికి మాత్రం కొత్తవాళ్ల కొరత లేదు. నిన్న దిగిన కుర్రాడూ ఆడతాడు, ఇరవై ఏళ్ల నుంచి కువైతీ ఇంట్లో పనిచేసే అక్కా ఆడుతుంది, ఊళ్లో అరవై ఏళ్ల అమ్మా ఆడుతుంది.

ఎందుకంటే పాచిక ఎవరి మాటా వినదు. పదేళ్లు ఆడినవాడికీ ఆరు పడదు, మొదటిరోజు ఆడేవాడికీ మూడుసార్లు పడుతుంది. అనుభవానికి కొంచెం విలువ ఉంది గానీ కొత్తవాణ్ని నేలకరిపించేటంత లేదు. పైగా గది తెరిచి నంబరు పంపిస్తే ఫహాహీల్ నుంచి ఒకరు, రాయచోటి నుంచి ఇద్దరు, దుబాయ్ నుంచి ఒకరు కూర్చోవచ్చు. వేరే సర్వరు, వేరే దేశం అనే గోడ లేదు. పబ్జీలో 2020 దాకా మనకు దొరికిన సుఖం ఇదే కదా.

పబ్జీ అభిమానులు దీన్ని విని నవ్వుతారని తెలుసు. లూడోలో గురి లేదు, వ్యూహం లేదు, ఒళ్లు జలదరించే చివరి వలయం లేదు. నిజమే. జట్టుగా పొంచి ఉండి చివరి నలుగురినీ కొట్టినప్పుడు వచ్చే ఆనందం లూడోలో రాదు. ఆ ఆనందం కోసం ఆరేళ్లు చెమటోడ్చినవాళ్లు దాన్ని వదులుకోరు. చిక్కల్లా, ఆ ఆనందమే కొత్తవాడి దాకా చేరకపోవడం.

కూర్చునేవాళ్లు తగ్గిపోతే

ఇంట్లోవాళ్ల వైపు నుంచి చూస్తే ఇదంతా శుభవార్తలా వినిపించొచ్చు. తెల్లవారుజామున మీనా అల్ అహ్మదీ వైపో, షుఐబా వైపో వెళ్లే కంపెనీ బస్సు ఎక్కాల్సినవాడు రాత్రి రెండింటి దాకా మేలుకుంటే మరుసటి రోజు పైప్‌లైన్ పనిలో ఏం జరుగుతుందో భయపడాల్సిందే. ఊళ్లో పిల్లల సంగతి చూసినా, బీజీఎంఐ 18 ఏళ్ల లోపువాళ్లకు రోజుకు మూడు గంటల హద్దు పెట్టడం మంచి పనే.

అయితే ఆట మానేసినవాళ్లంతా పుస్తకాలు పట్టుకుని కూర్చోలేదు. ఎక్కువమంది ఒంటరిగా రీల్స్‌లోకి వెళ్లారు. నలుగురు ఒకే రూములో ఉండి నాలుగు చెవుల్లో నాలుగు పాటలు. కొందరు ఇంకా ప్రమాదమైన దారి పట్టారు, పందేల యాప్‌లు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని, పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ కేంద్రం చట్టం చేసింది. కువైత్‌లోనైతే జూదం ఎప్పటి నుంచో నేరం. దొరికితే అకామా పోయి, విమానం ఎక్కించేదాకా వస్తుంది. పబ్జీలో పోయేది నిద్ర, నాలుగు దినార్లు. అక్కడ పోయేది ఏడాది సంపాదన.

జనం పలచబడుతున్న ఆటలో ఇంకో వ్యాపారం జోరందుకుంటుంది, ఐడీల అమ్మకం. ఖరూజ్ మీద ఇంటికెళ్లిపోయేవాడికి ఇండియాలో ఆ ఖాతా పనికిరాదు. ‘ఇంత ఖర్చు పెట్టా, సగానికి తీసుకో’ అని రూమ్మేట్‌కు అంటగడతాడు. కొనేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఖాతా చేతులు మారడం ఆట నిబంధనలకే విరుద్ధం. అమ్మినవాడు ఊరెళ్లాక పాత ఈమెయిల్‌తోనో, ఫోన్ నంబరుతోనో దాన్ని మళ్లీ లాక్కున్నా, కంపెనీ మూసేసినా ఫిర్యాదు చేసుకోవడానికి దిక్కు లేదు. ఐడీ కొనుక్కుని ఏస్ ర్యాంకులో కూర్చున్న కొత్తవాడి ఆట ఎలా ఉంటుందో కూడా ఊహించుకోవచ్చు. వార్‌క్రాఫ్ట్ లిఫ్టు కథే మళ్లీ.

రెండేళ్లకోసారి సెలవు మీద ఊరెళ్లే మన సీనియర్లకు మాత్రం కొత్తవాడి కష్టం స్వయంగా తెలిసొస్తోంది. శంషాబాద్‌లోనో, చెన్నైలోనో దిగి, ఇండియా సిమ్ వేసి చూస్తే పాత ఆట తెరుచుకోదు. తమ్ముడితో ఆడదామని బీజీఎంఐ ఎక్కించుకుంటే పేరు కొత్తది, చొక్కా మామూలుది, ర్యాంకు బ్రాంజ్. కువైత్‌లో ఏస్, కడపలో పసివాడు! చేతివాటం ఉంది కాబట్టి నాలుగు రోజుల్లో పైకెక్కేస్తాడు. అయితే తమ్ముడి జట్టులో అప్పటికే నలుగురున్నారు. మూడేళ్ల నుంచి కలిసి ఆడుతున్న స్నేహితులు. అన్న వచ్చాడు కదా అని ఒకరోజు ఒకణ్ని పక్కన కూర్చోబెట్టి చోటిస్తారు. రెండో రోజు తమ్ముడు కొంచెం మొహమాటంగా ‘అన్నా, ఈ రోజు మాకు టోర్నమెంట్ ఉంది’ అంటాడు.